ఆరోగ్య చరిత్ర ఎవరి చేతిలో ఉండాలి?

వైద్యుని ఎదుట కూర్చున్న రోగిని మొదట అడిగే ప్రశ్నలు నాలుగైదే ఉంటాయి. ఇంతకు ముందు ఏయే జబ్బులు చేశాయి? ఇప్పుడు ఏ మందులు వాడుతున్నారు? పడని మందు ఏదైనా ఉన్నదా? ఆపరేషన్లు జరిగాయా? ఇంట్లో ఇంకెవరికైనా షుగరు, బీపీ, గుండెజబ్బు ఉన్నాయా? ఈ ప్రశ్నలకు మన ఇళ్లలో లభించే సమాధానాలు ఎలా ఉంటాయో అందరికీ తెలిసినదే. “తెల్లని చిన్న బిళ్ల, పొద్దున ఒకటి, రాత్రి ఒకటి.” “ఏదో ఇంజెక్షన్ పడలేదు, పేరు గుర్తు లేదు.” “ఆ కాగితాలు పెద్దబ్బాయి దగ్గర ఉన్నాయి, అతను రియాద్‌లో ఉన్నాడు.”

ఇది కేవలం అసౌకర్యం కాదు. మూత్రపిండాలు దెబ్బతిన్న మనిషికి ఆ సంగతి తెలియని వైద్యుడు సాధారణమైన నొప్పి మాత్ర రాసినా హాని జరుగుతుంది. పెన్సిలిన్ పడని మనిషికి అదే మందు మళ్లీ ఎక్కిస్తే ప్రాణం మీదికి వస్తుంది. రక్తం పలుచబడే మందు వాడుతున్న వృద్ధుని విషయంలో ఆ ఒక్క మాట తెలియక శస్త్రచికిత్స మొదలుపెడితే రక్తస్రావం ఆగదు. అనగా రోగి గురించిన సమాచారం కూడా ఔషధం వంటిదే. వేళకు అందితే ప్రాణం నిలుపుతుంది, అందకపోతే మంచి వైద్యుని చేతిలో కూడా పొరపాటు జరుగుతుంది.

ఈ సమాచారం ఇప్పుడు కాగితం నుండి కంప్యూటరుకు, కంప్యూటరు నుండి మన చేతిలోని ఫోనుకు మారుతున్నది. అయితే అన్ని ఎలక్ట్రానిక్ రికార్డులూ ఒకటి కావు. ఒకటి ఆసుపత్రి సొత్తువలె ఉంటుంది, మరొకటి ఆసుపత్రుల మధ్య ప్రయాణిస్తుంది, ఇంకొకటి మన చేతిలో ఉంటుంది, వేరొకటి ప్రభుత్వం తన అవసరం కోసం ఉంచుకుంటుంది. వీటి మధ్య తేడా ఏమిటో, ఏది మన కుటుంబానికి ఎంతవరకు ఉపయోగమో ఈ వ్యాసంలో పరిశీలిద్దాము.

రాసి ఉంచే సంప్రదాయం

రోగి చరిత్రను రాసి భద్రపరచడం కంప్యూటరుతో పుట్టిన ఆలోచన కాదు. బాగ్దాదు వైద్యశాలలలో పనిచేసిన మహావైద్యుడు అబూ బకర్ అర్‌రాజీ తాను చూసిన రోగుల వివరాలను, ఇచ్చిన చికిత్సను, దాని ఫలితాన్ని రాసుకునేవాడు. ఆయన మరణానంతరం ఆ రాతప్రతులను సేకరించి కూర్చినదే ‘అల్ హావీ’ అనే బృహద్గ్రంథం. 9వ శతాబ్దానికి చెందిన ఇస్‌హాక్ బిన్ అలీ రుహావీ వైద్యుల నడవడి గురించి రాసిన ‘అదబుత్తబీబ్’లో ఒక చక్కని పద్ధతి కనిపిస్తుంది. వైద్యుడు రోగి పరిస్థితిని ఎప్పటికప్పుడు రాసి, ఒక ప్రతిని రోగి పక్షాన ఉంచాలి. రోగి కోలుకున్నా, మరణించినా ఆ రాతను ఇతర వైద్యులు పరిశీలించి చికిత్స సరిగా జరిగిందో లేదో చెప్పాలి.

నేటి చర్చ అంతా ఈ ఒక్క పద్ధతిలోనే ఇమిడి ఉన్నది. రాత ఎవరు రాయాలి, ప్రతి ఎవరి వద్ద ఉండాలి, దానిని ఎవరు చూడవచ్చు అనే మూడు ప్రశ్నలే ఇప్పటికీ మిగిలి ఉన్నాయి.

కంప్యూటరు యుగంలో ఈ ప్రయత్నం అమెరికాలో బలంగా మొదలయింది. లారెన్స్ వీడ్ అనే వైద్యుడు 1968లో, రోగి రికార్డును తేదీల వరుసలో పేర్చిన కాగితాల కట్టగా కాక, రోగికి ఉన్న ఒక్కొక్క సమస్య ప్రకారం విభజించి రాయాలని ప్రతిపాదించాడు. ఇండియానాపొలిస్‌లోని రీజెన్‌స్ట్రీఫ్ సంస్థ 1972లో కంప్యూటరుపై రోగుల రికార్డులను ఉంచడం ఆరంభించింది. అప్పటి నుండి ఈ రికార్డులు కొమ్మలుగా చీలి వేరువేరు రకాలుగా ఎదిగాయి.

మొదటి రకం: ఆసుపత్రి గోడల లోపలి రికార్డు

దీనిని ఎలక్ట్రానిక్ మెడికల్ రికార్డు, క్లుప్తంగా ఈఎంఆర్ అంటారు. ఒక ఆసుపత్రి లేదా ఒక క్లినిక్ తన రోగుల కోసం తన కంప్యూటర్లలో ఉంచుకునే రికార్డు ఇది. ఓపీ చీటీ రాయించుకున్నప్పుడు ఇచ్చే నంబరు, వైద్యుడు టైపు చేసిన మందుల చీటీ, ల్యాబు నుండి నేరుగా వచ్చి చేరే పరీక్షా ఫలితాలు, ఎక్స్‌రే, స్కానింగు చిత్రాలు, బిల్లులు అన్నీ ఇందులో ఉంటాయి.

ఈ రకం రికార్డు చక్కగా నడిస్తే ఎంత మేలు జరుగుతుందో చెప్పడానికి మన హైదరాబాదులోని ఎల్.వి. ప్రసాద్ నేత్ర వైద్య సంస్థ మంచి ఉదాహరణ. ఆ సంస్థ 2010 నుండి ‘ఐస్మార్ట్’ అనే సొంత రికార్డు విధానాన్ని నడుపుతున్నది. పల్లెల్లోని చిన్న నేత్ర కేంద్రాలు, పట్టణాల్లోని మధ్యస్థాయి ఆసుపత్రులు, నగరంలోని పెద్ద ఆసుపత్రి, ఈ మూడు అంచెలనూ అది కలుపుతున్నది. మొదటి 8 ఏళ్లలోనే 20 లక్షలకు పైగా రోగుల వివరాలు అందులో చేరాయి. పల్లెలో కంటి పరీక్ష చేయించుకున్న వృద్ధురాలు హైదరాబాదుకు వచ్చినప్పుడు, ఆమె కాగితాలు తెచ్చినా తేకపోయినా, ఆమె కంటి చరిత్ర వైద్యుని తెరపై సిద్ధంగా ఉంటుంది.

అయితే ఈ రకం రికార్డుకు ఒక హద్దు ఉన్నది. అది ఆ సంస్థ గేటు దాటదు. కంటి ఆసుపత్రిలో ఉన్న సమాచారం గుండె ఆసుపత్రికి కనిపించదు. రోగి ఊరు మారినా, వైద్యుని మార్చినా, ఆసుపత్రి మూతపడినా ఆ చరిత్ర అక్కడే ఆగిపోతుంది. ఒక్కొక్క ఆసుపత్రి ఒక్కొక్క సాఫ్ట్‌వేరును వాడుతున్నందున, ఇద్దరూ ఇవ్వదలచినా ఒకరి భాష మరొకరికి అర్థం కాని పరిస్థితి ఉంటుంది. అందుకే పరీక్షలన్నీ మళ్లీ మొదటి నుండి చేయించవలసి వస్తుంది. ఆ ఖర్చు రోగి కుటుంబం మీదనే పడుతుంది.

రెండవ రకం: ఆసుపత్రుల మధ్య ప్రయాణించే రికార్డు

దీనిని ఎలక్ట్రానిక్ హెల్త్ రికార్డు, అనగా ఈహెచ్ఆర్ అంటారు. మొదటి రకానికీ దీనికీ పేరులో ఒక్క మాట మాత్రమే తేడా, పనిలో మాత్రం చాలా తేడా. రోగి ఏ ఆసుపత్రికి వెళ్లినా, ఏ ల్యాబులో పరీక్ష చేయించుకున్నా ఆ వివరాలన్నీ ఒక చోట కలిసి కనిపించాలన్నది దీని ఉద్దేశం. అందుకు రెండు షరతులు ఉన్నాయి. ఒకటి, అందరూ ఒకే పద్ధతిలో రాయాలి. రెండు, ఆ రోగి ఈ రోగే అని గుర్తించడానికి ఒక నంబరు ఉండాలి.

ఒకే పద్ధతి అంటే ఏమిటి? ఒక వైద్యుడు ‘షుగరు’ అని, మరొకరు ‘డయాబెటిస్’ అని, ఇంకొకరు ‘డీఎం’ అని రాస్తే మనిషికి అర్థమవుతుంది గాని కంప్యూటరుకు అవి మూడు వేరువేరు మాటలు. అందుకే జబ్బులకు, పరీక్షలకు ప్రపంచమంతటా చెల్లే సంకేతాలు ఏర్పరచారు. మన కేంద్ర ఆరోగ్య మంత్రిత్వ శాఖ 2013లో ఎలక్ట్రానిక్ ఆరోగ్య రికార్డుల ప్రమాణాలను ప్రకటించి, 2016లో వాటిని సవరించింది.

ఇతర దేశాలు ఈ దారిలో వేరువేరుగా నడిచాయి. చిన్న దేశమైన ఎస్టోనియా 2008లో దేశవ్యాప్త ఆరోగ్య రికార్డును ఆరంభించింది. అక్కడి పౌరుడు తన రికార్డును తాను చూడడమే కాక, తన రికార్డును ఎవరెవరు తెరచి చూశారో కూడా తెలుసుకోగలడు. దీనికి భిన్నంగా బ్రిటన్ 2002లో ఎంతో ఆర్భాటంగా మొదలుపెట్టిన జాతీయ కంప్యూటరీకరణ పథకాన్ని అపారమైన ఖర్చు తరువాత 2011లో విరమించుకోవలసి వచ్చింది. అయితే అక్కడే ‘సారాంశ రికార్డు’ అనే చిన్న ప్రయత్నం నిలిచింది. అందులో తప్పనిసరిగా ఉండేవి మూడే సంగతులు: రోగి ప్రస్తుతం వాడుతున్న మందులు, పడని మందులు, గతంలో మందుల వల్ల కలిగిన దుష్ఫలితాలు. అత్యవసర వేళ వైద్యునికి మొదట కావలసినవి ఈ మూడే. ఈ సంగతిని గుర్తుంచుకుందాము, మన ఇంటి విషయంలో ఇది పనికివస్తుంది.

మూడవ రకం: రోగి చేతిలోని రికార్డు

దీనిని పర్సనల్ హెల్త్ రికార్డు, పీహెచ్ఆర్ అంటారు. మొదటి రెండింటిలోనూ తాళంచెవి వైద్యుని వద్ద లేదా ఆసుపత్రి వద్ద ఉంటుంది. ఇందులో తాళంచెవి రోగి వద్ద ఉంటుంది. ఏది చేర్చాలో, ఎవరికి చూపాలో, ఎంతకాలం చూపాలో రోగే నిర్ణయిస్తాడు. ఫోనులోని యాప్, డిజిలాకర్ వంటి ప్రభుత్వ సదుపాయం, లేదా ఇంట్లో శ్రద్ధగా పేర్చుకున్న ఫైలు, ఇవన్నీ ఈ కోవలోకే వస్తాయి.

ఇందులోనూ రెండు విధాలు ఉన్నాయని గమనించాలి. కార్పొరేటు ఆసుపత్రులు తమ యాప్‌లో మన రిపోర్టులను చూపుతాయి. చూడడానికి అది మన రికార్డువలె ఉంటుంది గాని, నిజానికి అది ఆ ఆసుపత్రి రికార్డుకు తెరచిన కిటికీ మాత్రమే. ఆసుపత్రి కిటికీ మూస్తే మనకు ఏమీ మిగలదు. మన అధీనంలో విడిగా ఉండే రికార్డు అలా కాదు, ఆసుపత్రితో సంబంధం తెగినా అది మన వద్ద ఉంటుంది.

దీని బలహీనత కూడా చెప్పుకోవాలి. రోగి స్వయంగా చేర్చిన సమాచారాన్ని వైద్యులు పూర్తిగా నమ్మకపోవచ్చు. ఫోటో తీసి పెట్టిన రిపోర్టు ఒక బొమ్మ మాత్రమే. మూడేళ్ల షుగరు ఫలితాలను వరుసగా పోల్చి చూపమంటే బొమ్మల నుండి అది సాధ్యం కాదు, ఒక్కొక్కటి తెరచి చదవవలసిందే. స్కానింగు ఫిల్మును ఫోనుతో ఫోటో తీస్తే వైద్యునికి అవసరమైన సూక్ష్మ వివరాలు అందులో ఉండవు. అందుకే స్కానింగు చేయించినప్పుడు ఫిల్ముతో పాటు సీడీని కూడా అడిగి తీసుకోవడం మేలు. అన్నింటికీ మించి, శ్రద్ధ లేకపోతే ఈ రికార్డు ఖాళీగానే ఉంటుంది.

నాల్గవ రకం: ప్రభుత్వ కార్యక్రమాల రికార్డు

మనకు తెలియకుండానే మన కుటుంబాల వివరాలు చాలావరకు ఈ నాల్గవ రకంలో చేరి ఉన్నాయి. గర్భిణి పేరు నమోదు చేసి ఏఎన్ఎం ఇచ్చే మాతా శిశు సంరక్షణ కార్డు వెనుక ఒక ఎలక్ట్రానిక్ రికార్డు ఉన్నది. పిల్లల టీకాల కోసం యూ-విన్, క్షయ రోగుల కోసం 2012 నుండి నడుస్తున్న నిక్షయ్, కరోనా టీకాల కోసం 2021లో వచ్చిన కోవిన్ ఇటువంటివే. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో 2007లో మొదలైన ఆరోగ్యశ్రీ కింద ఆపరేషన్ చేయించుకున్నవారి వివరాలు కూడా అనుమతుల కోసం, చెల్లింపుల కోసం కంప్యూటరుకు ఎక్కినవే.

ఈ రికార్డుల ఉద్దేశం వేరు. ఒక జబ్బును అదుపులో ఉంచడం, ఒక పథకం సొమ్మును సరిగా చెల్లించడం వాటి పని. రోగి సంపూర్ణ ఆరోగ్య చరిత్ర వాటిలో ఉండదు. ఆరోగ్యశ్రీ రికార్డులో గుండెకు స్టెంటు వేసిన సంగతి ఉంటుంది గాని, ఆ తరువాత ఇంటి దగ్గరి డాక్టరు మందు మార్చిన సంగతి ఉండదు. కనుక “ప్రభుత్వం వద్ద అన్నీ ఉన్నాయి కదా” అనే నిశ్చింత పనికిరాదు.

ఆభా: ఏది, ఏది కాదు

పై రకాలన్నింటినీ కలిపే ప్రయత్నమే మన దేశంలోని ఆయుష్మాన్ భారత్ డిజిటల్ మిషన్. 2020 ఆగస్టు 15న ప్రకటించి, ముందు కేంద్రపాలిత ప్రాంతాలలో ప్రయోగించి, 2021 సెప్టెంబరు 27న దేశమంతటా ప్రారంభించారు. ఇందులో ప్రతి వ్యక్తికీ ఇచ్చే 14 అంకెల సంఖ్యయే ఆభా.

దీని గురించి మన బస్తీలలో ఉన్న అపోహలను మొదట తొలగించుకోవాలి. ఆభా కార్డు, ఆయుష్మాన్ కార్డు ఒకటి కావు. ఆయుష్మాన్ కార్డు అర్హత గల కుటుంబానికి ఏడాదికి 5 లక్షల రూపాయల వరకు ఆసుపత్రి చికిత్స ఖర్చును భరించే పథకానికి సంబంధించినది. ఆభా సంఖ్య ఒక్క రూపాయి కూడా చెల్లించదు. అది మన ఆరోగ్య కాగితాలకు కట్టిన చిరునామా మాత్రమే. అలాగే ఆభా తీసుకోవడం స్వచ్ఛందం. తీసుకున్న తరువాత వద్దనుకుంటే రద్దు చేసుకోవచ్చు.

రెండవ అపోహ, ఆభా తీసుకుంటే మన రిపోర్టులన్నీ ఢిల్లీలోని ఒక కంప్యూటరులోకి వెళ్లిపోతాయని. ఈ విధానంలో రికార్డు ఏ ఆసుపత్రిలో పుట్టిందో అక్కడే ఉంటుంది. మన అనుమతి లభించినప్పుడు మాత్రమే ఒక చోటి నుండి మరొక చోటికి వెళ్తుంది. వైద్యుడు మన రికార్డు చూడదలిస్తే మన ఫోనుకు ఒక అభ్యర్థన వస్తుంది. ఏ రకం రికార్డులు, ఏ తేదీ నుండి ఏ తేదీ వరకు, ఎంతకాలం చూడవచ్చు అన్నది మనం నిర్ణయించి అనుమతి ఇవ్వవచ్చు, నిరాకరించవచ్చు, ఇచ్చిన అనుమతిని తరువాత ఉపసంహరించుకోవచ్చు.

కాగితంపై ఇది చక్కని ఏర్పాటు. ఆచరణలో మాత్రం కౌంటరు వద్ద రద్దీలో “ఓటీపీ చెప్పండి” అంటారు, మనం చెప్పేస్తాము. దేనికి అనుమతి ఇచ్చామో తెలియదు. అంతేకాక, ఆసుపత్రి ఈ విధానంలో చేరి, మన రికార్డును మన సంఖ్యకు జోడిస్తేనే ఇది పనిచేస్తుంది. వీధి చివరి క్లినిక్‌లో కాగితం మీద రాసిన చీటీ దానంతట అది ఆభాలోకి రాదు.

పేరు తెచ్చే చిక్కు

అన్ని రకాల ఎలక్ట్రానిక్ రికార్డులకూ మూలం ఒక్కటే: ఈ కాగితం ఈ మనిషిదే అని కంప్యూటరు గుర్తించగలగడం. ఇక్కడ మన కుటుంబాలకు ప్రత్యేకమైన చిక్కు ఒకటి ఉన్నది. ఒకే వ్యక్తి ఒక చోట ‘మొహమ్మద్’, మరొక చోట ‘మహమ్మద్’, ఇంకొక చోట ‘ఎండీ’ అవుతాడు. ‘షేక్’ కొన్ని కాగితాలలో ‘ఎస్.కె.’ అవుతుంది. ఒక స్త్రీ పెళ్లికి ముందు ‘సుల్తానా’, తరువాత ‘బేగం’, ఆసుపత్రి చీటీలో కేవలం ‘బీ’. పుట్టిన తేదీ తెలియని పెద్దలకు జనవరి 1 అని రాసేస్తారు. ఒకే వీధిలో అదే పేరు, అదే జనవరి 1 గల మరొకరు ఉండడం అసాధ్యమేమీ కాదు.

కాగితపు ఫైలులో ఈ తేడాలను మనిషి కన్ను సర్దుకుంటుంది. కంప్యూటరు సర్దుకోదు. ఒకే వ్యక్తి ఇద్దరుగా చీలిపోతాడు, లేదా ఇద్దరు వ్యక్తులు ఒకరిగా కలిసిపోతారు. రెండవది మరింత ప్రమాదకరం, ఎందుకంటే ఒకరి రక్తపు గ్రూపు మరొకరి పేరు మీద నమోదవుతుంది. కనుక ఇంట్లో ప్రతి ఒక్కరి పేరును ఆధార్ కార్డులో ఎలా ఉన్నదో అక్షరం తప్పకుండా ఆసుపత్రిలో, ల్యాబులో, మందుల దుకాణంలో అలాగే చెప్పడం అలవాటు చేసుకోవాలి. చీటీ చేతికి రాగానే పేరు, వయసు, స్త్రీయా పురుషుడా అనే మూడు వివరాలు సరిచూసుకుని అక్కడికక్కడే దిద్దించుకోవాలి.

గోప్యత ఒక అమానతు

రోగి రహస్యం వైద్యుని వద్ద ఉన్న అమానతు. కాగితపు కాలంలో ఆ అమానతును పోగొట్టాలంటే ఫైలును దొంగిలించవలసి వచ్చేది. ఇప్పుడు ఒక్క దాడిలో లక్షల మంది రహస్యాలు బయటపడగలవు. 2018లో సింగపూరులోని సింగ్‌హెల్త్ ఆసుపత్రుల సమూహం నుండి దాదాపు 15 లక్షల మంది రోగుల వ్యక్తిగత వివరాలు దొంగిలించబడ్డాయి. 2022 నవంబరు 23న ఢిల్లీలోని ఎయిమ్స్ కంప్యూటర్లపై సైబరు దాడి జరిగి, దేశంలోని అతి ప్రతిష్ఠాత్మకమైన ఆసుపత్రి కొన్ని రోజుల పాటు మళ్లీ కలం, కాగితంతో పనిచేయవలసి వచ్చింది. మన పార్లమెంటు 2023లో డిజిటల్ వ్యక్తిగత సమాచార రక్షణ చట్టాన్ని ఆమోదించింది. చట్టం అవసరమే గాని, బయటపడిన రహస్యాన్ని ఏ చట్టమూ వెనక్కు తేలేదు.

అయితే గోప్యతకు ముప్పు బయటి దొంగల నుండి మాత్రమే రాదని కూడా చెప్పుకోవాలి. చాలా ఇళ్లలో స్త్రీల ఆరోగ్య రికార్డు భర్త లేదా కుమారుని ఫోను నంబరుతో ముడిపడి ఉంటుంది. ఓటీపీ ఆ ఫోనుకే వస్తుంది. గర్భస్రావం, సంతానలేమి చికిత్స, మానసిక వేదనకు వాడిన మందు, ఇటువంటి సంగతులు ఆ స్త్రీ నోటితో చెప్పకముందే ఇంట్లో అందరి కళ్లబడవచ్చు. సంబంధాలు చూసే వేళ ఒక ఆడపిల్ల పాత వైద్య చీటీ చేతులు మారితే దాని పర్యవసానం ఆమె జీవితమంతా ఉంటుంది. ఈ భయంతో స్త్రీలు వైద్యుని వద్ద నిజం దాచడం మొదలుపెడితే, రికార్డు ఎంత ఆధునికమైనదైనా అందులో ఉండేది అసత్యమే. సాధ్యమైనంతవరకు వయసు వచ్చిన ప్రతి స్త్రీకీ తన రికార్డు తన నంబరుతోనే ఉండాలి. ఫోను వాడలేని తల్లి విషయంలో ఆమె నమ్మే ఒక్కరిని ఆమెనే ఎంచుకోనివ్వాలి. పరాయివారి ఉత్తరం విప్పి చదవని మర్యాద ఇంటివారి రిపోర్టు విషయంలోనూ పాటించవలసినదే.

గల్ఫులో ఉన్నవారికి, హజ్‌కు వెళ్లేవారికి

మన కుటుంబాలలో ఎందరో గల్ఫు దేశాలలో ఉన్నారు. అక్కడ ఈ విధానం మనకంటే ముందే వేళ్లూనుకున్నది. సౌదీ ఆరోగ్య మంత్రిత్వ శాఖ ‘సిహ్హతీ’ అనే యాప్‌లో పరీక్షా ఫలితాలను, మందుల చీటీలను, సెలవు పత్రాలను చూపుతుంది. అబూదాబిలో 2019 నుండి ‘మలఫ్ఫీ’ అనే వ్యవస్థ అక్కడి ఆసుపత్రులను కలుపుతున్నది. దుబాయిలో ‘నాబిద్’ అదే పని చేస్తున్నది. మలఫ్ఫీ అంటే అరబీలో ‘నా ఫైలు’ అని అర్థం.

కాని ఒక సంగతి గమనించాలి. సిహ్హతీలోకి ప్రవేశం ఇఖామాతో, అక్కడి మొబైలు నంబరుతో ముడిపడి ఉంటుంది. ఉద్యోగం ముగించుకుని శాశ్వతంగా తిరిగివచ్చిన తరువాత ఆ నంబరు పోతుంది. పదిహేనేళ్ల ఆరోగ్య చరిత్ర అక్కడే ఉండిపోతుంది. కనుక స్వదేశానికి బయలుదేరే ముందే రిపోర్టులన్నింటినీ దించుకుని, ఒక ప్రతిని ఇంటికి పంపడం వివేకం. ఆ రిపోర్టులు అరబీలో ఉంటే ఆంగ్ల ప్రతిని కూడా అడిగి తీసుకోవాలి. ఇక్కడి వైద్యుడు అరబీ చదవలేడు.

హజ్ విషయానికి వస్తే, యాత్రికులలో షుగరు, బీపీ, గుండెజబ్బు ఉన్న పెద్దలు ఎందరో ఉంటారు. మక్కా, మదీనా, మినా, అరఫాత్‌లలో అత్యవసర వైద్యం అందించడానికి వారి ఆరోగ్య వివరాలను, వారికి ఇచ్చిన మందులను నమోదు చేసే ఈ-మసీహా అనే విధానాన్ని భారత ప్రభుత్వం ఏర్పాటు చేసింది. ఆ నమోదులో మన వైపు నుండి ఇచ్చే సమాచారం నిజమై ఉండాలి. ప్రయాణం ఆగిపోతుందేమో అని జబ్బును దాచినవారికి మినాలో స్పృహ తప్పితే, అక్కడి వైద్యుని ఎదుట ఉండేది ఆ అసంపూర్ణమైన రాతే.

ఏ ఇంటికి ఏది?

నాలుగు రకాలనూ పక్కపక్కన పెట్టి చూస్తే ఈ తేడా తేటతెల్లమవుతుంది. ఆసుపత్రి రికార్డు లోతుగా ఉంటుంది గాని కదలదు. ఆసుపత్రుల మధ్య ప్రయాణించే రికార్డు విశాలమైనది గాని మన దేశంలో ఇంకా సగం దారిలో ఉన్నది. ప్రభుత్వ కార్యక్రమాల రికార్డు నమ్మకమైనది గాని ఒక్క విషయానికే పరిమితం. మన చేతిలోని రికార్డు మనతో పాటు వస్తుంది గాని మన శ్రద్ధ మీదనే బతుకుతుంది. ఏ ఒక్కటీ మిగిలిన వాటికి బదులు కాలేదు.

ఇంట్లో దీర్ఘకాలిక వ్యాధులు ఉన్న పెద్దలు ఉంటే, లేదా వైద్యం కోసం ఊళ్లు తిరగవలసిన పరిస్థితి ఉంటే ఆభా వంటి విధానం నిజంగా ఉపయోగపడుతుంది. అందరూ ఆరోగ్యంగా ఉండి, ఒకే డాక్టరు వద్దకు వెళ్లే కుటుంబానికి ఒక చక్కని ఫైలు, దాని ఫోటో ప్రతులు ప్రస్తుతానికి సరిపోతాయి. ఏ మార్గం ఎంచుకున్నా ఈ కొన్ని పనులు మాత్రం ప్రతి ఇంటా జరగాలని మేము కోరుతున్నాము.

మొదటిది, ఇంట్లో ఒక్కొక్కరికి ఒక్కొక్క కాగితం. పేరు, పుట్టిన సంవత్సరం, రక్తపు గ్రూపు, ఉన్న జబ్బులు, వాడుతున్న మందులు మోతాదుతో సహా, పడని మందులు, జరిగిన ఆపరేషన్లు సంవత్సరంతో సహా, అత్యవసర వేళ పిలవవలసిన ఇద్దరి నంబర్లు. బ్రిటన్‌లో నిలిచిన సారాంశ రికార్డు చెప్పే పాఠం ఇదే. ఈ కాగితం ఒకటి పెద్దల పర్సులో, ఒకటి గోడకు, ఒకటి పిల్లల ఫోనులో ఉండాలి. మందు మారిన ప్రతిసారీ తేదీ వేసి కొత్తది రాయాలి.

రెండవది, ఆసుపత్రి నుండి ఇంటికి వచ్చేటప్పుడు డిశ్చార్జి సమ్మరీని తప్పక తీసుకోవాలి. బిల్లు కట్టిన రసీదు దానికి బదులు కాదు. రోగి గాని, అతని తరఫు వ్యక్తి గాని రికార్డు కోరితే 72 గంటలలోగా ఇవ్వాలని 2002 నాటి వైద్యవృత్తి నియమావళి చెబుతున్నది. ఆసుపత్రిలో చేరిన రోగుల రికార్డులను 3 ఏళ్ల పాటు భద్రపరచాలని కూడా అందులో ఉన్నది. 3 ఏళ్లు గడిచిన తరువాత అడిగితే దొరకకపోవచ్చు. కనుక ఇప్పుడే అడగాలి. అది దయ కాదు, హక్కు.

మూడవది, ఓటీపీ చెప్పే ముందు “ఇది దేనికి?” అని ఒక్క మాట అడగాలి. అడగడం అమర్యాద కాదు. ఫోనుకు తాళం ఉండాలి. కుటుంబ వాట్సాప్ గ్రూపులో ఎవరి రిపోర్టునూ వారి అనుమతి లేకుండా పెట్టరాదు. దుఆ కోరడానికి జబ్బు పేరు, రిపోర్టు ఫోటో అవసరం లేదు.

నాలుగవది, చదువుకున్న పిల్లలు ఈ బాధ్యతను తమ భుజాల మీదకు తీసుకోవాలి. నెలకు ఒక్క సాయంత్రం తాత, నానమ్మల పక్కన కూర్చుని వారి మందుల డబ్బాలు తెరచి, పేర్లు చదివి, కాగితంతో సరిచూస్తే చాలు. ఏ మందు ఎందుకు వేసుకుంటున్నారో వారికి వారి మాటలోనే చెప్పాలి. రేపు ఆసుపత్రిలో పిల్లలు పక్కన లేకపోయినా, వైద్యుడు అడిగే ఆ నాలుగైదు ప్రశ్నలకు వారే జవాబు చెప్పుకోగలగాలి.